పదేళ్ళకే చత్వారమా?

చత్వారం అన్న మాటలోనే వయసు ఉంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటినవాళ్ళు పేపరును చేయి చాచినంత దూరం జరిపి చదవడం చూసి మనవాళ్ళు ఆ ఇబ్బందికి ఆ అంకెనే పేరుగా పెట్టేశారు. కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువు మీద చూపు కుదరనివ్వకపోవడం దానికి కారణం. పిల్లల కటకం అలా కాదు. దాని చుట్టూ ఉన్న సీలియరీ కండరం బిగిసిందంటే కటకం ఇట్టే ఉబ్బి దగ్గరి అక్షరాన్ని పట్టుకుంటుంది. 1950లో హాఫ్‌స్టెటర్ అనే అమెరికన్ ఆప్టోమెట్రిస్టు ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: 15లోంచి వయసులో నాలుగో వంతు తీసేస్తే, ఆ వయసుకు ఉండాల్సిన కనీస ఫోకస్ శక్తి డయాప్టర్లలో వస్తుంది. పదేళ్ళ పిల్లకి అది 12.5. అంటే పుస్తకాన్ని కంటికి నాలుగు వేళ్ళ వెడల్పు దూరంలోకి తెచ్చినా అక్షరం చెదరకూడదు. అయినా ఆ వయసులోనే కొందరికి పేజీ సగానికి వచ్చేసరికి వరుసలు మసకబారతాయి. నల్లబల్ల మీంచి నోటుబుక్కులోకి చూపు దింపితే కాసేపు ఏదీ నిలవదు. నుదురు నొప్పి, కళ్ళు నులుముకోవడం, ఒక కన్ను మూసుకుని చదవడం. వీళ్ళకు కటకం బిరుసెక్కలేదు. దాన్ని ఆడించే యంత్రాంగం సరిగ్గా పలకడం లేదు. పైగా దగ్గరికి చూసేటప్పుడు ఫోకస్ ఒక్కటే కాదు, రెండు కళ్ళూ ముక్కు వైపు కలిసి తిరగాలి. ఈ రెండు పనులూ ఒకే కాడికి కట్టిన ఎడ్లలాంటివి. ఒకటి వెనకబడితే రెండోదాని మెడ మీద బరువు పడుతుంది.

ఈ ఇబ్బందికి విజన్ థెరపీ అనే చికిత్స ఉంది. వారం వారం క్లినిక్కుకు వెళ్ళి, ప్లస్ అద్దాలు ఒక వైపు, మైనస్ అద్దాలు ఇంకో వైపు ఉన్న చిన్న చట్రాన్ని తిప్పుతూ అక్షరాలు చదవడం, పూసలు గుచ్చిన తాడు కొసను ముక్కుకు ఆనించుకుని ఒక్కో పూస మీదికీ చూపు మార్చడం, ప్రిజాల ద్వారా రెండు బొమ్మలను ఒకటిగా కలపడం, ఇంటి దగ్గర రోజూ కొంతసేపు సాధన. దీని మీద రెండు గట్టి పక్షాలున్నాయి. చదువులో వెనకబడిన పిల్లలందరికీ ఇదే మందు అని ఒక పక్షం ప్రచారం చేస్తుంది. ఇదంతా కళ్ళతో చేయించే కసరత్తు, డబ్బు దండగ అని మరో పక్షం కొట్టిపారేస్తుంది. ఇద్దరూ తమకు కావాల్సిన సగం సాక్ష్యాన్నే చదువుతున్నారని నా అభిప్రాయం. ఈ చికిత్స ఒక ఇరుకైన పనిని బాగా చేస్తుంది, ఆ పని బయట దాదాపు ఏమీ చేయదు. హైదరాబాదుకు వంద కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న జహీరాబాద్ లాంటి ఊళ్ళో దాని వంతు రావడానికి ముందు చేయాల్సినవి మూడు నాలుగు ఉన్నాయి. వాటిని దాటి ఆ వంతు నిజంగా వచ్చిన పిల్లల దగ్గరికి చికిత్సే కదిలి రావాలి గానీ, పిల్లలు చికిత్స కోసం హైదరాబాదు బస్సెక్కడం కుదిరే పని కాదు.

ముందు రెండు అంకెలు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 4,074 మందిని పరీక్షించిన అధ్యయనం 2002లో అచ్చయింది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకుల పని అది. అద్దాలు లేకుండా మెరుగైన కంటితో కూడా చూపు 6/12 లేక అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళు అందులో 2.7 శాతం. ఇక రెండోది. చెన్నై శంకర నేత్రాలయ పరిశోధకులు తమిళనాడు బడుల్లో 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 920 మందికి రెండు కళ్ళ సమన్వయం, ఫోకస్ పరీక్షించి 2017 ప్రాంతంలో ప్రకటించిన ఫలితం: మెల్లకన్ను లేకపోయినా ఈ పనుల్లో ఏదో ఒక లోపం ఉన్నవాళ్ళు పట్నంలో 31.5 శాతం, పల్లెలో 29.6 శాతం. దగ్గరికి చూసేటప్పుడు కళ్ళు చాలినంత లోపలికి కలవకపోవడమే వాటన్నిటిలో ఎక్కువ, సుమారు 17 శాతం. ఒక అంకె వందకు మూడు, ఇంకోటి వందకు ముప్పై. మొదటి అంకె గోడ మీది చార్టును కొలిచింది, రెండోది చేతిలోని పుస్తకాన్ని. చార్టు ముందు పాసైన కన్ను పుస్తకం ముందు తప్పవచ్చు. అది నిజమే. అలాగని ముప్పై మందినీ రోగుల చిట్టాలో రాసేయడానికి నాకు చెయ్యి రాదు. ఫోకస్ వేగం, కళ్ళు కలిసే దూరం లాంటివి ఎత్తు, బరువు లాగే మనిషి మనిషికీ మారతాయి. వాటి మీద ఎక్కడో ఒకచోట గీత గీసి ఇటు బాగు, అటు లోపం అంటున్నాం. గీతకు అటు పడి కూడా హాయిగా చదువుకునే పిల్లలుంటారు. లక్షణం లేని లోపానికి చికిత్స అక్కర్లేదు. ఈ చికిత్స పనిచేస్తుందని చూపించిన పరీక్షలు కూడా ఇబ్బంది పడుతున్న పిల్లలనే ఎంచుకున్నాయి.

మహబూబ్‌నగర్ లెక్కలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో వరుస ఉంది. అద్దాలు లేకుండా చూపు తక్కువైనవాళ్ళు 2.7 శాతమైతే, పరీక్షకు వచ్చిన స్థితిలో, అంటే అద్దాలున్నవాళ్ళు పెట్టుకుని చూసినప్పుడు, 2.6 శాతం. తేడా పిసరంత. అంటే ఆ పల్లెల్లో అద్దాలు కావాల్సిన పిల్లల ముఖాల మీద దాదాపుగా అద్దాలే లేవు. సరైన అద్దాలు పెడితే ఆ అంకె 0.78కి దిగింది. పాతికేళ్ళలో పరిస్థితి మారింది, కాదనను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి బడులకూ అంగన్‌వాడీలకూ వాహనాలతో బృందాలను పంపుతోంది. తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షించింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన పథకం బడిపిల్లలతోనే ఆరంభమైంది. తెలంగాణలో 2023 జనవరిలో ఖమ్మంలో ప్రారంభమైన రెండో విడత మాత్రం పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే. చత్వారపు అద్దాలు ఇంటింటికీ చేరడం చిన్న విషయం కాదు. కానీ పిల్లల ఫోకస్ ఇబ్బంది ఇలాంటి పెద్ద శిబిరాల జల్లెడలోంచి జారిపోయే రకం. దూరపు చార్టు చదివించి పంపితే అది దొరకదు. శిబిరం తప్పు అని కాదు, ఆ జల్లెడ కన్నాలు వేరే గింజ కోసం చేసినవి.

ఇక చికిత్స పనిచేస్తుందా అన్న ప్రశ్న. దీని మీద ఉన్న గట్టి సాక్ష్యం 2008లో అమెరికాలో వెలువడింది. కళ్ళు దగ్గరికి కలవని ఇబ్బంది ఉండి, దానివల్ల బాధపడుతున్న 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందిని చీటీలు తీసినట్టు నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టు ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దాకా తెచ్చుకునే వ్యాయామం చేసింది. రెండో జట్టు దానితోపాటు కంప్యూటర్ సాధన. మూడో జట్టు వారానికి ఒక గంట థెరపిస్టు ఎదుట, ఇంట్లో వారానికి అయిదు రోజులు పావుగంట చొప్పున. నాలుగో జట్టుకూ అదే గంట, అదే పావుగంట, కాకపోతే చేయించినవి చూడ్డానికి చికిత్సలా ఉండే ఉత్తుత్తి వ్యాయామాలు. 12 వారాల తర్వాత నయమైనవాళ్ళు, మెరుగైనవాళ్ళు కలిపి థెరపిస్టు ఎదుట చేసిన జట్టులో 73 శాతం, పెన్సిల్ జట్టులో 43, కంప్యూటర్ జట్టులో 33, ఉత్తుత్తి జట్టులో 35. ఈ నాలుగు అంకెలను ఎటునుంచి చూసినా ఒక నీతి కనిపిస్తుంది గానీ, ఏ పక్షానికీ పూర్తిగా నచ్చే నీతి కాదు. చికిత్స ఉత్తుత్తిది కాదు, 73కీ 35కీ మధ్య దూరం ఎక్కువ. అదే సమయంలో డాక్టర్లు చీటీ మీద రాసి పంపే పెన్సిల్ వ్యాయామం, మన దేశంలోనూ ఎక్కువమంది ముందుగా సూచించేది, ఉత్తుత్తి వ్యాయామం కన్నా చెప్పుకోదగ్గంత మేలు చేయలేదు.

పిల్లల ఫోకస్ సంగతి ఆ 221 మందిలోనే దాగి ఉంది. వాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఫోకస్ లోపం కూడా ఉందని తేలింది. కాడికి రెండు ఎడ్లూ కట్టి ఉన్నాయని చెప్పాను కదా. 2011లో విడిగా ప్రకటించిన ఆ లెక్క ప్రకారం, థెరపిస్టు జట్టులో ఫోకస్ శక్తి సగటున 9.9 డయాప్టర్లు పెరిగింది, పెన్సిల్ జట్టులో 5.8, ఉత్తుత్తి జట్టులో 2.2. ఇక్కడ పెన్సిల్ కూడా తన వంతు పని చేసింది. కానీ ఫోకస్ శక్తి వేరు, ఫోకస్‌ను దూరం నుంచి దగ్గరికీ దగ్గర నుంచి దూరానికీ చకచకా మార్చగల చురుకుదనం వేరు. నల్లబల్లకీ నోటుబుక్కుకీ మధ్య పిల్లవాడికి కావాల్సింది రెండోది. ఉత్తుత్తి జట్టును మించి అది పెరిగింది థెరపిస్టు ఎదుట చేసిన జట్టులోనే. కొలతలో శక్తి పెరిగినంత మాత్రాన పిల్లవాడి తలనొప్పి పోతుందని లేదు. ఇంటి సాధన మీద ఆశలు పెట్టుకునేవాళ్ళు కొలత పెరగడాన్నీ బాధ తగ్గడాన్నీ కలిపేసి మాట్లాడతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఉత్తుత్తి వ్యాయామానికే వందలో ముప్పై అయిదు మంది బాగుపడితే, మిగతాది కూడా థెరపిస్టు చూపే శ్రద్ధ వల్ల కాదని ఎలా చెప్పగలం? ఆ జట్టుకూ అంతే శ్రద్ధ దక్కింది కాబట్టి చెప్పగలం. ఆ జట్టును పెట్టిందే అందుకు. తల్లిదండ్రులు మాత్రం ఈ 35ను మరిచిపోకూడదు. పక్కింటి పిల్లవాడికి మూడు నెలల్లో తగ్గిందన్న మాటలో కాలం వల్ల తగ్గినదెంత, ఎవరో పట్టించుకున్నందువల్ల తగ్గినదెంత అన్నది ఒక్క పిల్లవాణ్ణి చూసి ఎవరూ తేల్చలేరు. న్యూయార్క్ డాక్టర్ విలియం బేట్స్ 1920లో అద్దాలే వద్దంటూ రాసిన పుస్తకం వందేళ్ళయినా మన ఊళ్ళలో అరచేతులతో కళ్ళు మూసుకోవడం, సూర్యుణ్ణి చూడడం లాంటి సలహాలుగా మిగిలిపోవడానికి బలం ఈ 35 శాతమే. ఫోకస్ పని కంటి బయటి కండరాలది అన్న ఆయన సిద్ధాంతం తప్పు. సూర్యుణ్ణి చూస్తే రెటీనా కాలుతుంది. హ్రస్వదృష్టి కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల వచ్చేది. ఆ పొడవును ఏ వ్యాయామమూ తగ్గించదు.

అసలు గొడవంతా చదువు దగ్గర. ఈ చికిత్సను అమ్మేవాళ్ళ ప్రకటనల్లో కన్ను కన్నా మార్కులే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. డిస్లెక్సియా, ఏకాగ్రత లోపం, బద్ధకం, అన్నీ కళ్ళ ఖాతాలోకే. 2009లో అమెరికా పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి చేసిన ప్రకటన దీన్ని గట్టిగా తోసిపుచ్చింది. డిస్లెక్సియా భాషను మెదడు పట్టుకునే తీరులోని ఇబ్బంది, దానికి కంటి వ్యాయామాలు చికిత్స కావని చెప్పింది. కళ్ళు దగ్గరికి కలవకపోవడాన్ని మాత్రం నయం చేయదగ్గ లోపంగానే ఒప్పుకుంది. విజన్ థెరపీ పక్షంవాళ్ళు అప్పుడు చెప్పిన జవాబు సమంజసమైనదే: అక్షరం మసకబారే పిల్లవాడికి అది సరిచేస్తే చదివింది అర్థం చేసుకోవడం మెరుగవ్వాలి కదా, పరీక్షించి చూడండి. చూశారు. మొదటి అధ్యయనానికి నిధులిచ్చిన అమెరికా జాతీయ నేత్ర సంస్థే రెండోదానికీ ఇచ్చింది, ముందు నిలిచి నడిపించినవాళ్ళలో ఈ చికిత్సను నమ్మిన ఆప్టోమెట్రిస్టులే ఎక్కువ. 9 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 311 మంది, 16 వారాలు. కళ్ళ కొలతలు చికిత్స జట్టులోనే ఎక్కువ మెరుగయ్యాయి. చదివి అర్థం చేసుకునే పరీక్షలో చికిత్స జట్టు సగటున 3.7 మార్కులు పెరిగింది, ఉత్తుత్తి జట్టు 3.8. తమ నమ్మకానికి ఎదురు నిలిచే ఫలితాన్ని 2019లో వాళ్ళే అచ్చువేశారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన కాగితం అదే.

జహీరాబాద్‌లో ఈ ఫలితానికి బరువు ఎక్కువ. కర్ణాటక సరిహద్దున, ముంబై రహదారి మీద ఉన్న ఈ ఊళ్ళో పిల్లల ఇంటి భాష తెలుగు కావచ్చు, ఉర్దూ కావచ్చు, కన్నడ కావచ్చు, తండా నుంచి వచ్చినవాళ్ళయితే లంబాడీ కావచ్చు. ఇంట్లో ఒకటి, బడిలో ఇంకోటి, ఇంగ్లీషు మీడియం పేరుతో మూడోది. ఒకే పిల్ల పొద్దున ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివి, మధ్యాహ్నం తెలుగు ఎడమ నుంచి కుడికి చదవాల్సి రావచ్చు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లె ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 27.1 శాతమే. వందలో మిగతా డెబ్బై మూడు మందికీ కంటి కండరం బలహీనమని ఎవరూ అనరు. చదవలేకపోవడానికి వందలో ఎక్కువ కారణాలు బడిలోనూ భాషలోనూ ఉన్నప్పుడు, కంటి వైపు వేలు చూపడం ఆ కారణాలకు సెలవిచ్చినట్టవుతుంది. తేడా పట్టడానికి మన లిపే ఒక చిన్న ఆసరా ఇస్తుంది. ‘ప’కీ ‘ఫ’కీ, ‘ద’కీ ‘ధ’కీ మధ్య తేడా ఒక పిసరు గీత. పేజీ మొదట్లో ఆ గీతను సరిగ్గా పట్టి, చివరికి వచ్చేసరికి తడబడే పిల్ల కళ్ళను చూపించాలి. అంగుళం ఎత్తు అక్షరాల్లో రాసినా మొదటి వరుసలోనే తడబడే పిల్లకు కావాల్సింది మంచి టీచరు. ఇది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని ముందు ఎక్కడికి పంపాలో చెప్పే ఊహ మాత్రమే.

కంటి దగ్గరికి పంపినా థెరపీ మొదటి మెట్టు కాదు. చుక్కలు వేసి సీలియరీ కండరాన్ని కాసేపు పడుకోబెట్టి పవర్ చూడడం మొదటి మెట్టు. దీర్ఘదృష్టి ఉన్న పిల్ల, ఆ లోటును రోజంతా ఫోకస్‌తో పూడ్చుకుంటూ అలిసిపోతుంది; ఆమెకు ప్లస్ అద్దాలే చికిత్స. ఇంకో పిల్లవాడి కండరం బిగుసుకుపోయి హ్రస్వదృష్టి ఉన్నట్టు నటిస్తుంది. చుక్కలు వేయకుండా కంప్యూటర్ యంత్రం కాగితం చూసి మైనస్ అద్దాలు ఇచ్చేస్తే ఆ బిగుతుకు మనమే ఊతమిచ్చినట్టు. కొన్ని మందుల వల్ల కూడా ఫోకస్ పడిపోవచ్చు. కంఠసర్పి (డిఫ్తీరియా) మాట కూడా ఇక్కడే చెప్పాలి. గొంతు జబ్బు తగ్గాక కొన్ని వారాలకు దాని విషం నరాల మీద పనిచేసి పిల్లవాడికి హఠాత్తుగా దగ్గరి చూపు పోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో పాత కాలపు జబ్బుగా కనిపించే కంఠసర్పి కేసులు హైదరాబాద్ నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి ఈ మధ్య దాకా వస్తూనే ఉన్నాయి. నిన్నటిదాకా బాగా చదివి ఇవాళ చదవలేనన్న పిల్లవాడికి పూసల తాడు ఇచ్చే ముందు, వచ్చిన జ్వరాలనూ వేయించిన టీకాలనూ అడగాలి.

ఫోకస్ ఇబ్బంది అందరికన్నా ఎక్కువగా ఉండి, అందరికన్నా తక్కువగా అడిగే పిల్లలు వేరే ఉన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి దగ్గరి వస్తువు మీద ఫోకస్ సరిపోదని బ్రిటన్‌లో కార్డిఫ్ పరిశోధకులు ఏళ్ళ తరబడి చూపించారు. వాళ్ళకు రెండు పవర్ల అద్దాలు, పెద్దల చత్వారానికి వాడే బైఫోకల్ లాంటివే, మేలు చేస్తాయనీ చూపించారు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లోనూ ఈ లోటు మామూలే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలకు వచ్చేది వీళ్ళే. విజన్ థెరపీ ప్రకటనలు వీళ్ళను ఉద్దేశించినవి కావు, కావాల్సిందీ థెరపీ కాదు. దగ్గరి చూపు ఒకసారి సరిగ్గా కొలిచి ఒక జత అద్దాలు ఇస్తే చాలు. డబ్బు ఎక్కడ మొదట ఖర్చు పెట్టాలని నన్నడిగితే భవిత కేంద్రం గుమ్మం దగ్గరే అంటాను.

ఇవన్నీ దాటాక నిజంగా థెరపీ కావాల్సిన పిల్లలు మిగులుతారు. ఎక్కువమంది కాదు, కానీ ఉంటారు. వాళ్ళకు 73 శాతం ఫలితం ఇచ్చిన పద్ధతి వారం వారం క్లినిక్కు. జహీరాబాద్ నుంచి హైదరాబాదుకు దారి వంద కిలోమీటర్ల పైన. 12 వారాలంటే రానూ పోనూ 2,400 కిలోమీటర్ల పైనే, ప్రతిసారీ తల్లికో తండ్రికో ఒక రోజు కూలి, పిల్లకు ఒక రోజు బడి. చెరకు కోతల నెలల్లో అడగలేం కూడా. అందుకే పెన్సిల్ ఇచ్చి పంపేస్తే సరిపోతుందనే వాదన సహజంగా వస్తుంది. ఏమీ లేని చోట పెన్సిలైనా మేలే కదా అంటారు. నేను ఒప్పుకోను. 43కీ 35కీ మధ్య తేడా లేనట్టే అని తెలిసీ ఆ చీటీ రాస్తే, మూడు నెలల తర్వాత తగ్గని పిల్లకు దక్కేది బద్ధకస్తురాలనే పేరు. పెన్సిల్ తనంతట పనిచేయకపోవడానికి ఇంట్లో ఎవరూ పక్కన కూర్చోకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ పక్కన కూర్చుని మార్చి మార్చి చేయించే మనిషి ఉన్న జట్టే గెలిచిందన్నది మాత్రం కళ్ళెదుటి విషయం.

అలాంటి మనిషి దొరికే చోటు ఒకటి ఉంది. తెలంగాణలో వందల గురుకులాలు ఉన్నాయి, జహీరాబాద్ చుట్టుపక్కలా ఉన్నాయి. పిల్లలు అక్కడే ఉంటారు. సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది. వారానికి అయిదు రోజులు పావుగంట అన్న నియమాన్ని ఏ ఇంటి కన్నా హాస్టల్ సులువుగా నిలబెట్టగలదు. స్కేలు మీద పెన్సిల్ జరిపి కళ్ళు ఎక్కడ విడిపోతాయో చూడడం, ప్లస్ మైనస్ చట్రం తిప్పి నిమిషంలో ఎన్నిసార్లు అక్షరం తేటపడిందో లెక్కపెట్టడం, శంకర నేత్రాలయ బృందం తర్వాతి నివేదికలో జల్లెడకు ఎంచిన చిన్న పరీక్షల్లో ఇలాంటివే ఉన్నాయి. ఒక ఆప్టోమెట్రిస్టు వారానికి ఒక పూట ఒక గురుకులానికి వస్తే అక్కడి అవసరం తీరిపోవచ్చు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులకు చట్టబద్ధమైన గుర్తింపుకు దారి వేసింది కాబట్టి ఎవరు రావాలన్న ప్రశ్నకు జవాబు మునుపటి కన్నా తేలిక. అయితే ఆ 73 శాతం అమెరికాలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన థెరపిస్టుల చేతుల్లో వచ్చిన అంకె. జహీరాబాద్ పక్కన ఝరాసంగం వైపు హాస్టల్లో, ట్యూబులైటు కింద, నలభై మంది మధ్యలో అది ఎంతకు దిగుతుందో ఇక్కడే కొలవాలి. కొలిచేటప్పుడు మార్కులను కాదు, ఒక పేజీ చివరిదాకా నొప్పి లేకుండా చదివారా అన్నదాన్ని.